చారల బాతులు పోయాయని చెప్పిన సాయంత్రం

పోయిన నెల మా ఊరి చెరువు కట్ట మీద ఒకాయన నన్ను ఆపి ఒక అంకె అడిగాడు. ఆయన కరీంనగర్‌లో కాలేజీ లెక్చరరు. మెడలో దుర్భిణి, చేతిలో చిన్న నోటుబుక్కు. చలికాలం ఇక్కడ గడిపి ఎండలు ముదిరే ముందు ఉత్తరానికి వెళ్లిపోయే పక్షులు ఏ చెరువు మీద ఎన్ని ఉంటాయో, ఏ రోజున లేచిపోతాయో రాసుకుంటూ తిరుగుతున్నాడు. "మీ చిన్నతనంలో ఈ చెరువు మీద చారల బాతులు ఎన్ని దిగేవి మేడమ్? ఒక అందాజుకు చెప్పండి చాలు," అన్నాడు. నేను పత్రికల్లో హాస్యం రాసుకుని బతికేదాన్ని. మా వంటింటి బొద్దింకను నాలుగు వారాలు సీరియల్‌గా నడిపినదాన్ని. పది అని అడిగితే వెయ్యి, వెయ్యి అని అడిగితే లెక్కలేనన్ని అని చెప్పడం నాకు ఊపిరి తీసుకున్నంత సులువు. లక్ష అనడానికి నోరు తెరిచాను కూడా. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. "నాకు తెలియదండీ, నా మాట మీద మాత్రం ఏమీ రాసుకోకండి," అన్నాను. నేనేదో మహా నిక్కచ్చి మనిషిని అనుకుని ఆయన వంగి నమస్కారం పెట్టాడు. ఆ నమస్కారం నా వీపు మీద కూర్చుని ఇంటిదాకా వచ్చింది.

మాది ధర్మపురికి ఎడ్లబండి మీద ఒక పూట దూరంలో ఉన్న నేతవాళ్ల వీధి. ముప్పై ఇళ్లు, ముప్పై మగ్గాలు. కోడి కూయకముందే మగ్గాలు మొదలయ్యేవి కాబట్టి మా వీధి కోళ్లకు కూసే పని లేక ఒళ్లు వచ్చి, నడవలేక దొర్లుతూ తిరిగేవి. వేరే వీధుల్లో పిల్లలు చప్పుడుకు లేచి ఏడిస్తే మా వీధి పిల్లలు మగ్గం చప్పుడు ఆగితే ఉలిక్కిపడి ఏడ్చేవాళ్లు. ఇక గంజి వాసన సంగతి చెప్పనక్కరలేదు. పులిసిన గంజి వాసన గోడలకు, దుప్పట్లకు, దేవుడి పటాలకు పట్టి ఉండేది. మా ఇంటి ఈగలు కూడా గంజి పెట్టి ఆరేసినట్టు బిర్రుగా ఎగిరేవి. మా బాపు షోలాపూర్ మిల్లులో పనికి పోయి ఏడాదికి ఒకసారి వచ్చేవాడు. అందుకని ఇంటికి పెద్ద, నాకు దిక్కు, మగ్గానికి యజమాని మా బాపుకు అన్న, మల్లయ్య. నాకు పెద్దబాపు. ఆయన భార్య పెద్దవ్వ పొద్దున లేచి జొన్న గట్కకు నీళ్లు పెట్టేటప్పుడు ఒకసారి తుమ్మేది. ఆ తుమ్ముకు ధర్మపురి గుడిలో గంట మోగేదని నా నమ్మకం. మా అవ్వ, అంటే నన్ను కన్నతల్లి, రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతూ ఆ తుమ్ముతోనే తెల్లారిందని లెక్కపెట్టుకునేది.

పెద్దబాపుకు పక్షుల పిచ్చి ఎలా పట్టిందో నాకు తెలియదు. గుంట మగ్గంలో నడుము దాకా దిగి రోజంతా కూర్చునే మనిషికి ఆకాశం మీద మోజు పుట్టడంలో వింత లేదేమో. మగ్గంలోకి దిగే ముందు చెరువుకు వెళ్లి మొహం కడుక్కుని వచ్చేవాడు. మిగతా మగవాళ్లు హోటల్ దగ్గర నుంచి రాజకీయాలు మోసుకొస్తే ఈయన చెరువు దగ్గర నుంచి పిట్టల కబుర్లు తెచ్చేవాడు. శివరాత్రి దాటాక ఆ కబుర్లకు గిరాకీ పెరిగేది, ఎందుకంటే పిట్టలు ప్రయాణం కట్టే రోజులవి. మొదట తోక ఆడించే సన్న పిట్టలు పోయేవి. తరువాత బంగారు వన్నె జంట బాతులు. జొన్న చేల మీద గులాబి రంగు పిట్టలు తుఫానులా వాలి, కోతలైపోగానే మాయమయ్యేవి. అన్నిటికన్నా చివర చారల బాతులు. బూడిద రంగు ఒళ్లు, తెల్లని తల, తల వెనక రెండు నల్లని చారలు. "మంచి నేతగాడు దీసిన అంచు లెక్క ఉంటయి," అనేవాడు పెద్దబాపు. అంతకన్నా పెద్ద మెప్పు ఆయన దగ్గర లేదు.

ఆ బాతుల మీద మా వీధి అంతా ఆధారపడి ఉండేదంటే ఇది కూడా నేను పెంచి చెప్పిందే అనుకుంటారు. కాదు. మగ్గానికి ఎక్కించే ముందు పడుగు దారాలను వీధి పొడవునా గుంజలకు లాగి కట్టి, గంజి పట్టించి, పెద్ద కుంచెలతో దువ్వి ఎండలో ఆరబెట్టాలి. అప్పుడే దారానికి బిగువు వస్తుంది. తడి ఆరకముందే వాన పడిందా, గంజి కారిపోయి పోగులు ముద్ద కడతాయి. రాళ్ల వాన అయితే పోగులు తెగుతాయి కూడా. మా వైపు ఎండాకాలం మొదట్లో పడే రాళ్ల వానకు పంచాంగం లేదు. పెద్దబాపు దగ్గర మాత్రం ఒక సూత్రం ఉండేది. చారల బాతులు చెరువు వదిలి పోయేదాకా పొడుగు పడుగులు పరచొద్దు. "మనం కింద ఉండేటోల్లం. పైన తిరిగేటోల్లకు పైన సంగతి ఎరుక," అనేవాడు. ఈ సూత్రం ఎంత నిజమో నేను చెప్పలేను. చాలా ఏళ్లు అది తప్పలేదు, కాబట్టి వీధి నమ్మింది. ముప్పై ఇళ్లవాళ్లు పడుగు వేసుకునే ముందు మా గడప దగ్గరికి వచ్చి, "మల్లన్నా, నీ సుట్టాలు పోయిన్రా?" అని అడిగి పోవడం ఆచారమైంది.

తరువాత పెద్దబాపు కళ్లకు పొర కమ్మింది. చేతులకు అలవాటైన పని కాబట్టి నేత నడిచింది కానీ, కట్ట మీద నిలబడితే బాతూ బండా ఒకటిగానే కనిపించేవి. అప్పుడు నన్ను ఆయన కళ్లుగా నియమించారు. నాకు పదేళ్లు. బళ్లో పంతులు ఉర్దూలో తిట్టడం మానేసి తెలుగులో తిట్టడం కొత్తగా నేర్చుకుంటున్న రోజులు. రోజూ సాయంత్రం బడి వదలగానే చెరువుకు పోయి, బాతులు ఉన్నాయో లేదో, ఉంటే ఎన్నో చూసి వచ్చి మగ్గం దగ్గర చెప్పాలి. ఇంత పెద్ద ఉద్యోగం కలెక్టరుకు కూడా లేదని నా భావం.

"ఎన్ని ఉన్నయ్ బిడ్డా ఇయ్యాల?"

"నాలుగు వందలు పెద్దబాపు."

"అంటే నలపై," అని ఆయన దారం కండె ఉన్న నాడెను పోగుల నడుమ విసిరేవాడు.

మా ఇంట్లో నా లెక్కలను పదితో భాగించే పద్ధతి ఎప్పుడో స్థిరపడింది. పెద్దవ్వకు అది కూడా నచ్చేది కాదు. "దాని నోట్ల పడ్డ ఈగ ఏనుగై బయటికొస్తది. గా పోరి మాట మీద నువ్వు వాడకట్టుకు మాటిస్తున్నవ్," అని పొయ్యి దగ్గర నుంచి గొణిగేది.

"ఏనుగును మళ్ల ఈగను జేసుకోవచ్చు తియ్యే. అసలు సూడకుంట వచ్చినోనితోని ఏం జేస్తం," అనేవాడాయన.

ఆ ఏడు హోళీకి ముందు వారం రోజులు మబ్బు పట్టి ఉంది. ఆరిళ్లలో పడుగులు తయారై చుట్టలు చుట్టి ఉన్నాయి. చేనేత సంఘం వాళ్లు పదిసార్లు తిప్పుకుని గానీ నూలు ఇవ్వని కాలం. దొరికిన నూలును తొందరగా బట్ట చేసి అప్పజెప్పకపోతే మళ్లీ ఎప్పుడిస్తారో తెలియదు. ఎదురింటి కొమురయ్య కాక రోజూ సాయంత్రం మా అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తూ పెద్దబాపును పొడిచేవాడు. "అన్నా, గా బాతులకు ఎల్లిపోవుడు ఇష్టం లేకుంటే మనం ఈడనే బతుకమ్మ దాంక కూసుందమా? ఒక్కపారి పోయి బతిమిలాడి రారాదు." పెద్దబాపు నవ్వేవాడు. కానీ రోజురోజుకు ఆ నవ్వు సన్నబడటం నేను చూశాను. వీధి మొత్తం ఆగి ఉంది ఆయన మాట కోసం. ఆయన ఆగి ఉన్నాడు నా మాట కోసం.

ఆ సాయంత్రం నేను చెరువుకు పోలేదు. కారణం చాలా చిన్నది. మా తోటిపిల్ల బాలవ్వ వాళ్ల వాకిట్లో హోళీ రంగు కోసం మోదుగుపూలు ఉడకబెడుతున్నారు. కాగులో నారింజ రంగు నీళ్లు కుతకుత ఉడుకుతుంటే ఆ వాసనకు, ఆ రంగుకు నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. కట్టెతో కలపడానికి నా వంతు కోసం నిలబడ్డాను. వంతు వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. తల ఎత్తి చూసేసరికి పొద్దు వాలింది. చెరువు దాకా పోయి రావడానికి టైము లేదు. చూడలేదని చెబితే ఉద్యోగం పోతుంది. ఉన్నాయని చెబితే కొమురయ్య కాక మళ్లీ పొడుస్తాడు, పెద్దబాపు నవ్వు ఇంకొంచెం సన్నబడుతుంది. దారి పొడవునా ఆలోచించి, అందరికీ సంతోషం కలిగించే మాట ఎంచుకున్నాను.

"పోయినయ్ పెద్దబాపు. ఒక్కటి గూడ లేదు."

సున్నాను పదితో భాగించినా సున్నాయే. నా లెక్కను తగ్గించుకునే దారి ఆయనకు లేకుండా పోయింది. పైగా నేను అక్కడితో ఆగానా. అరుగు మీద కొమురయ్య కాక, గడప దగ్గర అవ్వ, పొయ్యి దగ్గర పెద్దవ్వ వింటున్నారు. అంతమంది వింటుంటే ఆగడం నా పుట్టుకలోనే లేదు. నేను కట్ట ఎక్కేసరికి ఒకే ఒక ముసలి బాతు లేచిందన్నాను. అది చెరువు చుట్టూ ఒకసారి తిరిగి పిలిచిందన్నాను. అప్పుడు అన్నీ ఒకేసారి లేచాయనీ, నీళ్లు కూడా వాటితో పాటు లేచినట్టు అయ్యిందనీ, వరుసలో కుదురుకునేదాకా ముసలిది ముందు తిరుగుతూ ఆగిందనీ చెప్పాను. గోదావరి వైపు తిరిగే ముందు ఆ ముసలి బాతు మెడ వంచి మన చెరువు వైపు ఒకసారి వెనక్కి చూసిందని చెప్పాను. ఆ చివరి మాట చెబుతుంటే నేనే నమ్మేశాను.

మగ్గం ఆగింది. పెద్దబాపు నాడె చేతిలో పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"ఏమంటవ్ అన్నా?" అన్నాడు కొమురయ్య కాక.

"ఏసుకోండ్రి పడుగులు," అన్నాడు పెద్దబాపు.

మరునాడు మబ్బు విడిచి ఎండ కాసింది. ఆరు పడుగులు వీధి పొడవునా సాగాయి. ఆడవాళ్లు గంజి పోస్తుంటే మగవాళ్లు కుంచెలు పట్టుకుని ముందుకూ వెనక్కూ అడుగులు వేస్తుంటే, గుంజలకు బిగిసిన తెల్లని దారాల మీద ఎండ మెరుస్తుంటే, మా వీధి అంత అందంగా నేను మళ్లీ ఎప్పుడూ చూడలేదు. పిల్లలను, మేకలను ఇళ్లల్లో కట్టేశారు. మధ్యాహ్నం దాటాక పడమటి దిక్కున చీకటి లేచింది. గాలి ముందు వచ్చింది. గుంజలు విప్పే లోపలే రాళ్లు పడ్డాయి. కోడిగుడ్లంత అని రాయబోయి కలం ఆపాను. రేగుపండ్లంత. అవి చాలు. పావుగంట పడ్డాయేమో. ఆ పావుగంటలో కొమురయ్య కాక భార్య పడుగు మీద బోర్లా పడుకుని వీపు మీద రాళ్లు తిన్నది. వాన వెలిసేసరికి వీధిలో దారాలు లేవు, బురదలో తెల్లని ముద్దలు ఉన్నాయి. ఆరు పడుగులు. ఇక్కడ నేను పెంచను. ఆరు.

ఆ రాత్రి ఎవరేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, దుప్పటి ముసుగు తీయలేదు. తెల్లవారి వెలుతురు రాగానే వీధి వీధంతా బయటికి వచ్చి బురదలో నుంచి పోగులు ఏరుకుంటున్నది. అప్పుడు తలల మీద నుంచి అరుపు వినిపించింది. చారల బాతులు. మా చెరువు వైపు నుంచి లేచి, వీధి మీదుగా, బారుగా, తొందర లేకుండా ఉత్తరానికి పోతున్నాయి. అందరూ తల ఎత్తి చూశారు. తరువాత అందరూ తల దించి మా గడప వైపు చూశారు.

"అన్నా," అన్నాడు కొమురయ్య కాక. ఆయన గొంతులో కోపం లేదు, అదే భయంగా ఉంది. "మొన్ననే పోయినయంటివి. మరి గివి యాడి నుంచి లేసినయ్?"

నేను తలుపు వెనక ఉన్నాను. ఒక్క అడుగు వేస్తే గడప. ఆ అడుగు వేయలేదు.

"పోరి మొన్న పోలేదు," అన్నాడు పెద్దబాపు. "మొన్న పొద్దుగాల నేనే పోయి వచ్చి, బాతులు పోయినయని దానికి చెప్పిన. అదే మాటకు అది కత కట్టింది. నా కండ్లే నన్ను మోసం జేసినయి. తప్పు నాది కొమురయ్యా."

"కండ్లు కానరానోనివి, వాడకట్టు పడుగులు నీ మాట మీద ఉన్నయని తెల్వదా అన్నా?"

"తెల్సు."

అంతే. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆ ఎండాకాలమంతా పెద్దబాపు తన మగ్గం పని అయ్యాక ఆ ఆరిళ్లకూ వంతుల వారీగా వెళ్లి, తెగిన పోగులను చేతి తడుముడుతో వెతికి ఒకదానికొకటి అతుకుతూ కూర్చున్నాడు. పొర కమ్మిన కళ్లతో దారాన్ని దారానికి మెలివేయడం ఎంత పనో నేత ఇళ్లలో పుట్టినవాళ్లకు తెలుసు. నేను పక్కన కూర్చుని కొసలు అందించేదాన్ని. రోజుకు లక్ష మాటలు మాట్లాడే నేను ఆ నెలల్లో ఎన్ని మాట్లాడానో వేళ్ల మీద చెప్పగలను. ఒక్కో అతుకు పడ్డప్పుడల్లా ఇప్పుడు చెబుతాను అనుకునేదాన్ని. ఇంకో అతుకు పడేది.

తరువాతి చలికాలం బాతులు మళ్లీ వచ్చాయి. మా గడప దగ్గరికి ఎవరూ రాలేదు. వీధివాళ్లు మబ్బు చూసి, ధైర్యం చూసి పడుగులు వేసుకున్నారు. పెద్దబాపు నన్ను చెరువుకు పొమ్మనలేదు, నేను పోతానని అనలేదు. ఒక పొద్దు ఇంటి మీదుగా బాతులు అరుచుకుంటూ పోయాయి. పొయ్యి దగ్గర పెద్దవ్వ కూడా తల ఎత్తింది. మగ్గంలో ఆయన తల ఎత్తలేదు. నాడె మాత్రం ఒక్క క్షణం ఆలస్యంగా పడింది.

ఇప్పుడు మా వీధిలో పడుగులు పరిచే పని లేదు. మరమగ్గాలకు దారం గంజి పెట్టుకునే వస్తుంది. రేకుల షెడ్లలో మోత, పన్నెండు గంటల పని. రాళ్ల వాన పడితే రేకుల మీద చప్పుడు పెరుగుతుంది, అంతే. బాతులు ఎప్పుడు పోయాయో తెలుసుకోవాల్సిన అవసరం మా వీధిలో ఎవరికీ లేదు. ఒకరి మాట మీద ముప్పై ఇళ్లు ఆగి ఉండే కాలం పోయినందుకు చాలామంది మంచిదే అంటారు. నాలాంటివాళ్ల చేతుల్లో ఆ మాట పడే ప్రమాదం తప్పింది కదా, నేనూ మంచిదే అంటాను.

నాకు ఆసిఫాబాద్‌లో టీచరు ఉద్యోగం వచ్చాక మొదటి సెలవులకు ఇంటికి వచ్చాను. పెద్దబాపు మగ్గం మానేసి వాకిట్లో మంచం మీద ఉంటున్నాడు. మధ్యాహ్నం, ఇంట్లో ఇంకెవరూ లేరు. కాళ్లు ఒత్తుతూ కూర్చుని, ముందూ వెనకా ఏమీ కలపకుండా చెప్పాను. "పెద్దబాపు, ఆ దినం నేను చెరువుకు పోలే."

"ఎరుకే," అన్నాడాయన.

"ఎప్పటి నుంచి?"

"నువ్వు గడప దాటి లోపలికొచ్చిన కాడి నుంచి. గుంటల కూసున్నోనికి ముందుగాల కనవడేటియి కాళ్లే బిడ్డా. మొకాలు మసక గని, గజం దూరంల కాళ్లు మంచిగనే కనవడుతుండె. చెరువు కాడికి పోయొచ్చినోల్ల కాళ్లకు నల్లమట్టి ఉంటది. నీ కాళ్లకు వాడ దుమ్ము ఉండె."

నా చేతులు ఆయన కాళ్ల మీద ఆగిపోయాయి. "మరి తెలిసి తెలిసి కొమురయ్య కాకకు ఎందుకు చెప్పినవ్?"

ఆయన చుట్ట కోసం తడుముకున్నాడు, దొరికితే వెలిగించలేదు. "నువ్వు చెప్పవడితివి," అన్నాడు. "ముసలిది ముందుగాల లేసిందంటివి. ఎనుకకు మర్రి సూసిందంటివి. నేను వాటిని సూడక రెండేండ్లయె. నువ్వు చెప్తాంటె నా కండ్లకు కట్టినట్టు అయింది. అబద్ధమని ఎరుకనే. గని గట్ల పోయి ఉంటే ఎంత మంచిగుండు అనిపిచ్చింది. కొమురయ్య అడిగిండు, నోట్లకెల్లి వచ్చింది. గంతే. నీ తప్పు ఏమున్నది ఇండ్ల. నాది."

చెబితే బరువు దిగుతుందని పదేళ్లు ఎదురుచూశాను. దిగలేదు. ఒకే ఇంట్లో, ఒకే తప్పును, ఇద్దరం ఎవరిది వాళ్లది అనుకుని చెరో మూల మోసుకుంటూ తిరిగామని తెలిసింది. నేను చేసిన దానికి ఆయన నన్ను కాపాడాడని ఎప్పుడో తెలుసు. ఆయన చేసిన దానికి కూడా కారణం నా నోరేనని ఆ మధ్యాహ్నం తెలిసింది. ఆ వానాకాలంలోనే ఆయన పోయాడు.

తరువాత నేను ఆ నోటినే వృత్తిగా చేసుకున్నాను. పత్రికలో నా రచన పడ్డ వారం ఉత్తరాలు వస్తాయి. మంచిర్యాల నుంచి, భైంసా నుంచి, నేను పేరు వినని ఊళ్ల నుంచి. చదివినవాళ్లు ప్రేమగా రాస్తారు, మీరు రాస్తే కళ్లకు కట్టినట్టే ఉంటుందండీ అని. రాసేవాళ్లకు అంతకు మించిన మెప్పు లేదంటారు. ఆ వాక్యం దగ్గరికి రాగానే నేను ఉత్తరం మడిచి పక్కన పెట్టి, ఆ వారం రాసిన దాంట్లో నేను నిజంగా వెళ్లి చూసినవి ఎన్నో వేళ్ల మీద లెక్కపెట్టుకుంటాను. కొన్ని వారాలు ఒక్క వేలు కూడా మడవకుండానే చెయ్యి దించేస్తాను.